ఇంటికొచ్చి చూసే బేరం

"ఎవర్ని అడిగి రమ్మన్నరు అత్తమ్మా?"

అశ్విని మూడోసారి అడిగింది. మొదటి రెండుసార్లు గొంతు పెంచి అడిగింది. ఈసారి మెల్లగా అడిగింది. మెల్లగా అడిగినప్పుడే అంజమ్మకు భయం వేసింది.

ఒళ్లో చాట, చాటలో తంబాకు, చేతిలో కత్తిరించిన ఆకు. ముప్పై ఏళ్లుగా ఇదే గోడకు ఆనుకొని బీడీలు చుడుతున్న మనిషి, కోడలి ఒక్క మాటకు వేళ్లు ఆడక కూర్చుండిపోయింది.

"ఫోన్ మోగింది. నువ్వు నీళ్లకు పోయినవు. ఎత్తిన. ఆమె మరాఠీల మంచిగనే మాట్లాడింది. సరుకు చూసి తీస్కుంట, ఇంటికి రావచ్చునా అన్నది. రా బిడ్డా అన్న. ఇంటికొస్తనన్నోళ్లను రావద్దని ఎట్లంటరు?"

"ఎనిమిది నెలల నుంచి నేను అదే అంటున్న. రావద్దనే అంటున్న. ఫోన్ పేజీల పెద్దపెద్ద అక్షరాలతోటి రాసి పెట్టిన. కొరియర్ మాత్రమే, ఇంటికొచ్చి తీస్కునుడు లేదు అని."

"నాకు చదువొస్తదా?"

అశ్విని కుట్టుమిషన్ ముందున్న స్టూలు మీద కూలబడింది.

మరాఠీ ఊళ్లో తెలుగువాళ్ల పేట అయిన జోడ్‌భావి పేట్‌లో ఆ ఇల్లంటే ఒక ఖోలి, ఒకే గది, దాని వెనక వంటకు ఇంకో సగం ఖోలి. ఒక గోడకు అంజమ్మ, ఎదుటి గోడకు కుట్టుమిషన్. మధ్యలో నీలం తాడిపత్రి పట్టా కప్పిన టవళ్ల దొంతి, మనిషి ఎత్తున. అంజమ్మ కొడుకు ప్రతీక్ సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్ఖానా నుంచి టవళ్లు తెస్తాడు. అశ్విని అంచులు కుట్టి, పక్కింటి మల్లమ్మ మేడ మీద ఎండలో ఫోటోలు తీసి, ఫోన్లో అమ్ముతుంది. అన్నీ చంటిపిల్లల టవళ్లే. ఫోటోలో టవల్ కనబడుతుంది, వెనకాల ఆకాశం కనబడుతుంది. ఖోలి కనబడదు.

ఇప్పుడు ఖోలినే చూడటానికి మనిషి వస్తోంది. హోట్గి రోడ్‌లో చంటిపిల్లల బట్టల దుకాణం నడిపే పూనం. పోయిన నెల నమూనాకని ఆరు టవళ్లు తెప్పించుకుంది. నచ్చితే నెలకు రెండు వందల టవళ్లు తీసుకుంటానంది.

నెలకు ఆ రెండు వందలు అమ్ముడుపోతే అశ్విని పేజీ నిలబడినట్టే. పోకపోతే, ఈ నెలాఖరుకు అశ్విని కూడా చాట ముందేసుకొని అత్త పక్కన కూర్చోవాలి. బీడీ కంపెనీ బ్రాంచిలో కార్డు మీద ఆమె పేరు ఎక్కించాలి. పోయిన వారం ఇంట్లో తేలిన మాట అది. తేల్చింది అంజమ్మే.

"ఎన్ని గంటలకొస్తనన్నది?"

"నాలుగింటికి."

అశ్విని ఫోన్ చూసింది. రెండు దాటి పది నిమిషాలు.

"అయినా ఎందుకే అంత భయం? గిరాకి ఇంటికొస్తే మంచిదే గదా. కొరియర్ వాడు మూటను విసిరి కొడతడు. ఆమె కండ్లార చూసుకొని, చేతులార తీస్కొనిపోతది."

"ఉగాదికి ముందు ఒకడొచ్చిండు. రెండు టవళ్ల కోసం అర్ధగంట కూసున్నడు. నీళ్లడిగిండు. మళ్ల నీళ్లడిగిండు. మీ ఆయన ఎప్పుడొస్తడు అన్నడు. మీరు ఆకు తేను బ్రాంచికి పోయిన్రు."

అంజమ్మకు ఈ సంగతి తెలియదు. "చెప్పలేదేందే?"

"చెప్తే ఏం చేస్తరు? పేజీ మూయమంటరు. వాని తర్వాత ఇంకొకామె వచ్చింది. ఈ గోడ చూసింది, ఆ గోడ చూసింది. ఇంత చిన్న ఖోలిల కూసొని అంత ధర చెప్తరా అన్నది. ఫోటో చూసి ఒప్పుకున్న ధరను ఇల్లు చూసి సగం చేసింది. ఆ దినమే బంద్ పెట్టిన ఇంటికి రానిచ్చుడు."

ఈ మాట నిజమే. టవల్ అదే, నూలు అదే, కుట్టు అదే. కొనేవాళ్లు మేడల్లో ఉండి అమ్మేవాళ్లు ఖోలిలో ఉన్నారని తెలిసిన క్షణం సరుకు విలువ పడిపోతుంది. ఎవడూ ఒప్పుకోడు, అందరూ చేసేది అదే. అంజమ్మకు అది తెలియనిది కాదు. ఆమె చుట్టిన బీడీల్లో కట్టకు కట్ట పక్కన పడేసి, బాగాలేవు అని బ్రాంచిలో లెక్క చూసే మునీము ఎన్నిసార్లు అనలేదు? కానీ ఒప్పుకోవడం ఆమె స్వభావం కాదు.

"మా అత్త దినాలల్ల చద్దర్లు కొనేటోళ్లు మగ్గం కాడికే వస్తుండె. గుంజి చూస్తుండె, ముఖానికి ఆనిచ్చుకుంటుండె. ముట్టకుండ కొనుడు ఏం కొనుడే? గందుకనే నీవి రెండు పార్సిళ్లు వాపసొచ్చినయ్. చేతులకు తీస్కొని చూసుంటే రంగు నచ్చలేదందురా?"

అశ్విని తల వంచుకొని దారం కొస నోట్లో పెట్టుకుంది. సూదిలోకి ఎక్కించలేదు. తీసి మళ్లీ నోట్లో పెట్టుకుంది.

"రంగు గురించి రాలేదు అత్తమ్మా."

"మరి?"

"వాసన."

"ఏం వాసన?"

"తంబాకు వాసన. పిల్లల టవల్‌కు బీడీ కంపు కొడుతున్నదని రాసిన్రు ఇద్దరూ. మీకు నొప్పైతదని రంగు అని చెప్పిన."

అంజమ్మ గాలి పీల్చింది. ఏ వాసనా లేదు. మళ్లీ పీల్చింది. ఎప్పుడూ ఉండే గాలే. ఆమె పుట్టింది బీడీలు చుట్టే ఇంట్లో, మెట్టింది మగ్గం పక్కనే బీడీలు చుట్టే ఇంట్లో. తంబాకు వాసన ఎలా ఉంటుందో ఆమె ముక్కుకు తెలియదు. తనకు తెలియని వాసనను ఎక్కడో పుణేలోనో నాగ్‌పూర్‌లోనో ఎవరో మూట విప్పి పట్టుకున్నారు.

"అంటే నేను కంపు కొడుతున్న."

"నేను గట్లన్ననా?"

"నీ మొగడు గీ చాట పక్కన్నే పండి పెరిగిండు. గీ కంపులనే. వాడు చచ్చిండా?"

"మాటను యాడికో గుంజుకపోతున్నరు మీరు."

అప్పుడే ప్రతీక్ లోపలికి వచ్చాడు. వెంట్రుకల మీద నూలు దుమ్ము తెల్లగా ఉంది. అశ్విని ఫోన్ చేస్తే సాంచెలు పక్కవాడికి అప్పజెప్పి వచ్చాడు. తల్లి ముఖం చూశాడు, పెళ్లాం ముఖం చూశాడు, ఎవరి పక్కన నిలబడాలో తెలియక గడప దగ్గరే ఆగాడు.

"ఇద్దరు జరా ఆపుండ్రి. ఒక పని చేస్త. ఇరవై టవళ్లు సంచిల ఏస్కొని నేనే హోట్గి రోడ్డుకు పోత. ఆమె దుకాణంలనే చూపిస్త. ఇంటిదాక రానేవద్దు."

అశ్విని అప్పటికప్పుడు పూనంకు ఫోన్ కలిపింది. మీరెందుకు శ్రమపడటం తాయీ, మేమే తెచ్చి చూపిస్తాం అని మరాఠీలో, అక్కను పిలిచినట్టు తియ్యగా చెప్పింది. అవతల గొంతు ఖోలి మొత్తానికి వినిపించింది.

"శ్రమేం లేదు. ఇటువైపు పనుండి ముందే బయలుదేరాను, ఆటోలో ఉన్నాను. ఒక సంగతి చెబుతాను, ఏమనుకోవద్దు. ఇంటికి రావద్దనే వాళ్ల దగ్గర నేను పసిపిల్లల సరుకు కొనను."

ఫోన్ ఆగిపోయింది. నాలుగింటికి రావాల్సిన మనిషి మూడింటికే వచ్చేలా ఉంది.

ప్రతీక్ చాట ఎత్తాడు, తడి గోనెలో చుట్టిన ఆకు ఎత్తాడు, తంబాకు డబ్బా ఎత్తాడు. మల్లమ్మ ఇంట్లో పెట్టి రావడానికి పరుగెత్తాడు. అశ్విని కిటికీ తెరిచింది. నేల మీద ఫినాయిల్ పోసి తుడిచింది. అగరుబత్తులు ఒకటి కాదు, నాలుగు వెలిగించింది.

అంజమ్మ లేచి నిలబడింది. ఒళ్లు ఖాళీగా ఉంది. కోపం ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. దాని స్థానంలో ఇంకొకటి వచ్చి గుండెలో కూర్చుంది.

మూటలు.

దీపావళి తర్వాత ఒక టవల్ అంచు పురుగు కొరికి ఉండటం ఆమె చూసింది. బట్టలు కొరికే పురుగు ఒక దొంతికి పట్టిందంటే మొత్తం తినిపోతుంది. ఆమె అత్త పెళ్లిచీరల పెట్టెలో తంబాకు పొట్టు మూటలు వేసేది. ముప్పై ఏళ్లయినా ఆ చీరలకు చిల్లు పడలేదు. అంజమ్మ పాత ఆకుపచ్చ చీర చించింది. చాట అడుగున మిగిలే తంబాకు పొట్టును చిన్నచిన్న మూటలు కట్టింది. పది టవళ్లకు ఒకటి చొప్పున దొంతిలో దోపింది. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా దోపుతూనే ఉంది. కోడలికి చెప్పలేదు. కూరలో ఉప్పు వేసి ఎవరికైనా చెబుతామా?

ఇప్పుడు చెప్పాలి.

నోరు తెరిచింది. అశ్విని దొంతి మీది తాడిపత్రి గుంజుతోంది. అంజమ్మ నోరు మూసుకుంది.

చెబితే ఎవరు నమ్ముతారు? నెలాఖరుకు నువ్వు చాట పట్టాల్సిందే అని పోయిన వారం గల్లీ వినేలా అరిచింది ఎవరు? మల్లమ్మను తోలి మునీముతో ముందే మాట్లాడించింది ఎవరు? అత్త కావాలనే తంబాకు పెట్టింది, పేజీ పడగొట్టింది, అంటారు. అశ్విని అనకపోయినా అనుకుంటుంది. ఆమె స్థానంలో ఉంటే తాను మాత్రం అనుకోదా?

"జరుగు, సరుకు నేను సర్ది పెడత."

"ముట్టకుండ్రి అత్తమ్మా. మీ చేతులకు తంబాకు ఉంటది."

అంజమ్మ వెనకకు పోయి సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. గోళ్ల సందుల్లో పసుపురంగు పోలేదు. అది ఏనాడూ పోలేదు.

"కడుక్కున్న. ఇప్పుడైనా ముట్టొచ్చునా?"

"కూసోండ్రి. మీరు ఏం చెయ్యకుండ కూసుంటే సాలు."

కోడలు దొంతి ముందు నుంచి కదలడం లేదు. పైన ఉన్న టవళ్లకు గులాబిరంగు రిబ్బన్ కడుతోంది. అంజమ్మ కళ్లు దొంతి మధ్యలో ఉన్నాయి. అదిగో, అక్కడ కొంచెం ఎత్తుగా ఉంది. దాని కింద ఇంకొకటి. ఎన్ని పెట్టింది? పదకొండా, పన్నెండా?

"ఆమెకు చాయ్ పెట్టాలె గదా. పాలు చూస్తివా?"

"చూసిన. ఉన్నయ్."

"చక్కెర?"

"ఏంది అత్తమ్మా మీరు?"

ఆఖరుకు అశ్వినే లేచింది, ముఖం కడుక్కోవడానికి. వెనక నీళ్ల చప్పుడు వినగానే అంజమ్మ దొంతి మీద పడింది. వేళ్లు లోపలికి పోనిచ్చి ఒక మూట లాగింది. ఇంకొకటి. మూడోది గట్టిగా ఇరుక్కుంది, లాగితే రిబ్బన్ కట్టిన వరస పక్కకు జరిగింది. నాలుగోది దొరికింది. అన్నీ రొండిన దోపుకుంది. అయిదోదాని కోసం చెయ్యి మోచేతి దాకా పెట్టింది.

"అంజమ్మక్కా, మీ ఇంటికి ఎవరో ఆటోల దిగిన్రు," బయటి నుంచి మల్లమ్మ కేక.

అంజమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

పూనంకు నలభై ఏళ్లు ఉంటాయి. మెడలో కళ్లజోడు తాడుకు వేలాడుతోంది. ప్రతీక్ వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఖోలి చూసింది. నాలుగు అగరుబత్తులను కూడా చూసింది.

"పూజ ఉందా ఈవేళ?"

"రోజూ వెలిగిస్తాం తాయీ," అంది అశ్విని.

"చాపలో ఆకు ముక్కలున్నాయి. ఇక్కడ బీడీలు చుడతారా?"

ప్రతీక్ నేలవైపు చూశాడు. అశ్విని మాత్రం తడుముకోలేదు.

"లేదు తాయీ. పక్కింట్లో చుడతారు. గాలికి వస్తాయి."

మాటలన్నీ మరాఠీలోనే. అంజమ్మకు ప్రతి మాటా అర్థమైంది. ముప్పై ఏళ్ల పనిని కోడలు ఒక్క ఊపులో గోడ అవతలికి ఎత్తి పడేసింది. అంజమ్మ చేతులు కొంగు కింద దాచుకుంది. కోపంతో కాదు. గోళ్లు కనబడతాయని.

పూనం దొంతి దగ్గరికి పోయింది. అశ్విని పైనుంచి రిబ్బన్ కట్టిన టవల్ అందించింది. పూనం దాన్ని తీసుకొని పక్కన పెట్టింది.

"పైవి ఎవరైనా బాగానే పెడతారు. నేను మధ్యలోవి చూస్తాను."

దుకాణం నడిపే మనిషి చెయ్యి అది. తడబడకుండా దొంతి నడుములోకి పోయింది. ఒక టవల్ లాగి ముఖానికి ఆనించుకుంది. మళ్లీ చెయ్యి పెట్టింది. ఈసారి చేతిలో టవల్ రాలేదు. ఉసిరికాయంత ఆకుపచ్చ మూట వచ్చింది.

అరచేతిలో పెట్టుకొని అందరికీ చూపించింది. "ఇదేమిటి?"

"తెల్వదు తాయీ," అంది అశ్విని. నిజంగానే తెలియదు. కంగారులో తెలుగులో అంది. మూట అందుకొని ముడి విప్పింది. నల్లటి పొట్టు వేళ్ల మీద రాలింది. అప్పుడు గుడ్డను చూసింది. గుర్తుపట్టింది. తల తిప్పింది.

"అత్తమ్మా."

మిగతాది అన్నది ప్రతీక్.

"అమ్మా, కావాలని చేసినవా?"

కోడలు అడుగుతుందని అంజమ్మ సిద్ధపడింది. కొడుకు అడుగుతాడని అనుకోలేదు. చెవుల్లో సాంచెల మోత లాంటిది మొదలైంది. రొండిన ఉన్న నాలుగు మూటలు తీసి చాప మీద పెట్టింది. ఒకటి దొర్లుకుంటూ పూనం చెప్పు దాకా పోయింది.

"నేనే పెట్టిన," అంది పూనంతో, తనకు వచ్చిన మరాఠీలో. "పురుగు పడతదని పెట్టిన. బట్టలల్ల ఏసే తెల్ల డాంబర్ గోలీలు పెట్టొచ్చు. కానీ చంటిపిల్లలు టవల్ నోట్లె పెట్టుకుంటరు, అది విషమని పెట్టలే. ఇంకా ఆరో ఏడో ఉన్నయ్ లోపల. బీడీలు పక్కింట్ల చుట్టరు. నేను చుడత. ఈన్నే చుడత."

అశ్విని వంగి దొర్లిపోయిన మూటను ఏరింది.

పూనం ఇప్పుడు కూర్చుంది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకొని, పిన్నిని పిలిచినట్టు పిలిచింది.

"మావశీ, నాకొచ్చిన ఆరు టవళ్లకూ ఈ వాసన ఉంది. నేను వాపసు పంపలేదు. రెండుసార్లు ఉతికితే పోయింది. నేత మంచిది, కుట్టు ఇంకా మంచిది. వాసన ఎక్కడి నుంచి వస్తోందో చూడాలనే వచ్చాను. కొరియర్ మూట ఈ సంగతి చెప్పదు కదా." అశ్విని వైపు తిరిగింది. "నువ్వు పక్కిల్లు అనకుండా ఉంటే బాగుండేది."

"తప్పైంది తాయీ."

"ఈ సరుకు నాకొద్దు. కొత్తది దింపుకోండి. బుధవారం వస్తాను. ఇక ముందు ప్రతి నెలా నేనే వచ్చి చూసి తీసుకుంటాను, కొరియర్ వద్దు. టవళ్లు కుట్టే ఇంట్లో తంబాకు ఉండకూడదు. ఉంటే నేను గుమ్మం నుంచే వెనక్కి పోతాను. లేకపోతే నెలకు రెండు వందలు నావి."

"ఉండదు తాయీ," అశ్విని మాట పూర్తి కానివ్వలేదు. "రేపటి నుంచి ఈ ఇంట్లో బీడీలుండవు."

ప్రతీక్ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

ముప్పై ఏళ్ల కార్డు అంజమ్మది. మొగుడు పోయిన ఏడు కూడా ఆపకుండా చుట్టింది. అది ఉంచాలో తీసెయ్యాలో, ఒకామె చెప్పింది, ఒకామె ఒప్పుకుంది. చుట్టే మనిషి వాళ్లిద్దరి మధ్యనే నిలబడి ఉంది.

పూనం గడప దాటబోతూ ఆగింది. "మావశీ, ఈ పిల్ల ఒకసారి అబద్ధం చెప్పింది. ఇప్పుడు చెప్పింది నమ్మొచ్చా?"

"బీడీలు చుట్టేది ఆమె కాదు. ఆమెను అడిగితే ఏం లాభం?" అంది అంజమ్మ.

"అందుకే నిన్ను అడుగుతున్నాను."

అశ్విని కళ్లు అత్త ముఖం మీదే ఉన్నాయి. ఆ కళ్లలో కోపం లేదు. అడుక్కుంటున్నాయి. అదే అంజమ్మకు భరించరానిదైంది.

"బుధవారం రా బిడ్డా. ఫోన్ చెయ్యకుండ రా. చెప్పి వస్తే నాలుగు బత్తులు ముట్టిస్తరు. వచ్చి నీ కండ్లతోటి చూస్కో. ఏముంటే అదే."

ఆటో పోయిన చప్పుడు గల్లీ మలుపులో కలిసిపోయింది. 

"ఏముంటే అదే అంటే ఏంది అత్తమ్మా?" అడిగింది అశ్విని. "బుధవారం ఏముంటది ఈ ఖోలిల?"

"కుట్టుమిషన్ ఉంటది. నువ్వుంటవు."

"మీరు?"

అంజమ్మ చెప్పులేసుకుంది. కొడుకు పక్కనుంచే పోయింది, ముఖం వైపు చూడలేదు. గల్లీ చివర ఎడమకు తిరిగితే బీడీ బ్రాంచి, కార్డు వాపసు ఇచ్చే చోటు. కుడికి తిరిగితే సిటీ బస్సు ఆగే చోటు, అక్కడి నుంచి రెండు స్టాపుల్లో, చాట వేసుకోవడానికి చోటున్న ఆమె తమ్ముడి ఇల్లు.

ప్రతీక్ చాలాసేపు ఓపిక పట్టి, చివరకు గడప బయటికి తల పెట్టి చూశాడు.

ఆమె గల్లీ మూలన నిలబడి ఉంది. ఎటూ తిరగలేదు.